శ్వాసనాళాల కండరం బిగుసుకునేది ఎలా? అయాన్ ఛానెళ్లు, రసాయన సంకేతాల ఉమ్మడి లెక్క

నిఫెడిపిన్, వెరాపమిల్ వంటి మందులు కణపొరలోని కాల్షియం ఛానెళ్లను, అంటే కాల్షియం కణంలోకి వచ్చే ద్వారాలను మూసి, రక్తనాళాల గోడల్లోని నునుపు కండరాన్ని సడలించి, రక్తపోటును తగ్గిస్తాయి. శ్వాసనాళాల గోడల్లో ఉన్నదీ నునుపు కండరమే. అది కూడా కాల్షియంతోనే బిగుసుకుంటుంది. ఉబ్బసం వచ్చినప్పుడు ఊపిరి ఆడకపోవడానికి ఆ బిగుతు ఒక ముఖ్య కారణం. అలాంటప్పుడు ఈ మందులు ఉబ్బసానికీ పనిచేయాలని అనుకోవడం సహజం. 1980ల తొలినాళ్లలో పరిశోధకులు ఆ ఆశతోనే వీటిని పరీక్షించారు. వ్యాయామం వల్ల వచ్చే బిగుతును ఇవి కొంతవరకు అడ్డుకున్నాయి గానీ, అప్పటికే బిగుసుకున్న నాళాలను తెరవడంలో చెప్పుకోదగ్గ ఫలితం చూపలేదు.

ఒకే రకం కండరం, ఒకే కాల్షియం ఉన్నా ఒక చోట పనిచేసిన మందు మరో చోట ఎందుకు పనిచేయలేదన్న ప్రశ్నను చివరిదాకా వెంబడిస్తే శ్వాసనాళ కండరం పనితీరు చాలావరకు బోధపడుతుంది. కాల్షియం కణంలోకి ఏ దారిన వచ్చింది, ఎక్కడ పెరిగింది, ఏ లయలో పెరిగింది, ఆ కాల్షియానికి కండరం ఎంతగా స్పందిస్తోంది అన్న విషయాలు కాల్షియం మొత్తం ఎంత అన్నదానితో సమానంగా బిగుతును నిర్ణయిస్తాయి.

వ్యాసార్ధం కొంచెం తగ్గితే నిరోధం ఎందుకంత పెరుగుతుంది

నునుపు కండరం అంటే మన ఇష్టంతో నిమిత్తం లేకుండా పనిచేసే, చారలు లేని కండరం. వాయునాళంలో ఇది వెనక గోడలో, గుర్రపు నాడా ఆకారపు మృదులాస్థి చివరలను కలుపుతూ ఉంటుంది. లోపలికి పోయిన కొద్దీ మృదులాస్థి తగ్గిపోతుంది, కండరం నాళాన్ని చుట్టుకుంటుంది. అతి సన్నని శ్వాసనాళికల్లో మృదులాస్థి అసలే ఉండదు కాబట్టి అక్కడ కండరం బిగుసుకుంటే నాళం లోపలికి ముడుచుకుపోవడాన్ని ఆపే గట్టి ఆసరా గోడలో లేదు. చుట్టూ ఉన్న ఊపిరితిత్తి కణజాలం బయటికి లాగే బలమే దానికి మిగిలిన ఎదురు.

గాలి సుళ్లు తిరగకుండా సాఫీగా సాగే నాళంలో నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. 1 మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న నాళం 0.8 మిల్లీమీటర్లకు కుంచించుకుందనుకుందాం. 0.8ని నాలుగు సార్లు గుణిస్తే దాదాపు 0.41 వస్తుంది, అంటే నిరోధం సుమారు 2.4 రెట్లు అవుతుంది. వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లు అవుతుంది. నిజమైన ఊపిరితిత్తుల్లో నాళాలు వేల కొమ్మలుగా చీలి ఉంటాయి, పెద్ద నాళాల్లో గాలి సుళ్లు తిరుగుతుంది, గోడల వాపు, కఫం కూడా దారిని తగ్గిస్తాయి. అందువల్ల ఈ అంకెను ఊపిరితిత్తులు మొత్తానికి అన్వయించకూడదు. కండరంలో చిన్న మార్పు ఊపిరిలో పెద్ద మార్పుగా ఎందుకు తెలుస్తుందో చెప్పడానికి మాత్రం ఇది చాలు.

కాల్షియం నుంచి బిగుతు దాకా

విశ్రాంతిలో ఉన్న కండర కణం లోపలి ద్రవంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం లీటరుకు దాదాపు 100 నానోమోల్ ఉంటుంది. కణం బయట అది 1 నుంచి 2 మిల్లీమోల్, అంటే పదివేల రెట్లకు పైమాటే. కణం లోపల సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచుల వ్యవస్థ మరికొంత కాల్షియాన్ని నిల్వ ఉంచుకుంటుంది. కణం శక్తిని ఖర్చు పెట్టి ఈ తేడాను నిలుపుకుంటుంది కాబట్టి ఏ తలుపు కాస్త తెరుచుకున్నా కాల్షియం లోపలికి దూసుకొస్తుంది.

లోపల పెరిగిన కాల్షియం కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుంటుంది. ఒక్కో కాల్‌మాడ్యులిన్ నాలుగు కాల్షియం అయాన్లను పట్టుకోగలదు. అలా నిండిన కాల్‌మాడ్యులిన్ మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతుంది. ఆ ఎంజైమ్ మయోసిన్ తలభాగం పక్కనున్న చిన్న గొలుసుకు ఒక ఫాస్ఫేట్‌ను అతికిస్తుంది. అప్పుడే మయోసిన్ ఆక్టిన్ తంతువును పట్టుకొని లాగడం మొదలుపెడుతుంది. అస్థి కండరాలలో, గుండె కండరంలో కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను కదిపి ఆక్టిన్ మీది అడ్డు తొలగిస్తుంది. నునుపు కండరంలో ట్రోపోనిన్ ఆ పాత్ర పోషించదు, మయోసిన్‌కే ఫాస్ఫేట్ ముద్ర పడాలి. ఆ ముద్రను తొలగించే మరో ఎంజైమ్ ఉంది, దాని పేరు మయోసిన్ లైట్ చైన్ ఫాస్ఫటేజ్. కైనేజ్, ఫాస్ఫటేజ్‌ల మధ్య ఈ పోటీకి తరువాత మళ్లీ రావాలి.

నాడి పంపే సంకేతం కాల్షియాన్ని ఎలా విడిపిస్తుంది

శ్వాసనాళాలను బిగించే ప్రధాన నాడి వేగస్. దాని చివరల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. నాడులు రసాయనాల ద్వారా సంకేతాలు పంపుతాయని ఆటో లోవీ 1921లో కప్ప గుండెపై చేసిన ప్రయోగంతో చూపాడు. ఆ ప్రయోగంలోని నాడి కూడా వేగసే, తరువాత తేలిన రసాయనం ఎసిటైల్‌కోలినే. హెన్రీ డేల్‌తో కలిసి ఆయనకు 1936లో నోబెల్ బహుమతి లభించింది.

శ్వాసనాళ కండర కణం మీద ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలు ముఖ్యంగా రెండు రకాలు, ఎం2, ఎం3. సంఖ్యలో ఎం2 ఎక్కువ, కానీ బిగుతును నేరుగా పుట్టించేది ఎం3. ఎసిటైల్‌కోలిన్ అంటుకోగానే ఎం3 గ్రాహకం జీక్యూ అనే ప్రోటీన్ ద్వారా ఫాస్ఫోలైపేజ్-సీ ఎంజైమ్‌ను ఉసిగొల్పుతుంది. అది కణపొరలోని ఒక కొవ్వు అణువును రెండుగా చీలుస్తుంది. అందులో ఒక ముక్క డైఅసైల్‌గ్లిసరాల్, పొరలోనే ఉండిపోతుంది. రెండో ముక్క ఐపీ3, ఇది కణంలోకి వ్యాపించి సార్కోప్లాస్మిక్ రెటిక్యులం మీది గ్రాహకాలను తాకుతుంది. ఆ గ్రాహకాలు స్వయంగా కాల్షియం ఛానెళ్లే కాబట్టి తాకిన వెంటనే తెరుచుకొని నిల్వలోని కాల్షియాన్ని వదులుతాయి. ఐపీ3 ఇలా లోపలి నిల్వలను విడిపిస్తుందని 1983లో క్లోమ కణాలపై చేసిన ప్రయోగాలు మొదట చూపాయి.

ఎలర్జీలో మాస్ట్ కణాలు వదిలే హిస్టమిన్ తన హెచ్1 గ్రాహకం ద్వారా, ల్యూకోట్రయీన్లు తమ గ్రాహకం ద్వారా దాదాపు ఇదే దారి తొక్కుతాయి. వీటిలో ల్యూకోట్రయీన్ల బలం హిస్టమిన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ప్రభావం నిదానంగా మొదలై చాలాసేపు నిలుస్తుంది. ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ అనే మందు అడ్డుకునేది ల్యూకోట్రయీన్ల గ్రాహకాన్నే.

విడుదలైన కాల్షియం ఒకేసారి పెరిగి అలాగే నిలిచిపోతుందని చాలాకాలం భావించారు. సజీవంగా ఉంచిన పలుచని ఊపిరితిత్తి ముక్కల్లో సూక్ష్మదర్శినితో ఒక్కో కణాన్ని చూసినప్పుడు వేరే దృశ్యం కనబడింది. కాల్షియం అలలుగా లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఎసిటైల్‌కోలిన్ మోతాదు పెంచితే అలలు వచ్చే వేగం పెరుగుతుంది, దానితోపాటు నాళం మరింత కుంచించుకుంటుంది. ఒక అల పడిపోయి మరోటి లేచే లోపు ఫాస్ఫటేజ్‌కు ముద్రలన్నీ తుడిచే వ్యవధి దొరకదు కాబట్టి, అలలు దగ్గరయ్యే కొద్దీ బిగుతు స్థిరపడుతుంది. కాల్షియం ఎంత పెరిగిందని మాత్రమే కొలిచే ప్రయోగం ఈ లయను పట్టుకోలేదు.

కణపొర విద్యుత్తు: ఏ అయాన్ ఎటు లాగుతుంది

ఇప్పుడు అయాన్ ఛానెళ్ల సంగతి చూద్దాం. ఇవి కణపొరను దాటి ఉండే ప్రోటీన్లు, ఒక్కోటీ ఎంపిక చేసిన అయాన్‌కే దారి ఇస్తుంది. శ్వాసనాళ కండర కణం లోపలి వైపు, బయటితో పోలిస్తే, విశ్రాంతిలో సుమారు 40 నుంచి 60 మిల్లీవోల్టుల రుణావేశంతో ఉంటుంది. ఏ ఛానెల్ తెరిస్తే ఈ విలువ ఎటు జరుగుతుందో తెలుసుకోవడానికి ఆ అయాన్ సమతుల్య వోల్టేజీని లెక్కగట్టాలి. లోపలి, బయటి గాఢతల నిష్పత్తికి 10 ఆధారంగా సంవర్గమానం తీసి దాన్ని 61తో గుణిస్తే, శరీర ఉష్ణోగ్రత వద్ద ఒక ఆవేశం గల అయాన్‌కు ఆ విలువ మిల్లీవోల్టుల్లో వస్తుంది.

పొటాషియం బయట 5, లోపల 140 మిల్లీమోల్ ఉందనుకుంటే నిష్పత్తి 28, ఫలితం సుమారు మైనస్ 88. కాబట్టి పొటాషియం ఛానెళ్లు తెరిస్తే పొర వోల్టేజీ మైనస్ 88 వైపు జరుగుతుంది, కణం మరింత నెమ్మదిస్తుంది. క్లోరైడ్‌ విషయంలో చాలా నాడీకణాలకూ నునుపు కండరానికీ తేడా ఉంది. నునుపు కండర కణాలు లోపల క్లోరైడ్‌ను ఎక్కువగా పోగుచేసుకుంటాయి. బయట 110, లోపల 40 అనుకొని లెక్కిస్తే సమతుల్య వోల్టేజీ సుమారు మైనస్ 27. విశ్రాంతి విలువ మైనస్ 50 అయితే, క్లోరైడ్ ఛానెళ్లు తెరిచినప్పుడు రుణావేశం బయటికి పోయి లోపలి వైపు మైనస్ 27 దిశగా జరుగుతుంది. నిఫెడిపిన్ మూసే ఎల్-రకం కాల్షియం ఛానెళ్లు వోల్టేజీని బట్టి తెరుచుకునేవి, మైనస్ 40 దాటే సరికి అవి చురుకవుతాయి. అంటే క్లోరైడ్ బయటికి పోవడం కాల్షియం లోపలికి రావడానికి దారి తీస్తుంది.

కాల్షియం తాకితే తెరుచుకునే ఈ క్లోరైడ్ ఛానెల్ ఏ ప్రోటీనో 2008లో తేలింది, దాన్ని టీఎంఈఎం16ఏ అంటారు. దాన్ని అడ్డుకునే పదార్థాలు ప్రయోగశాలలో శ్వాసనాళ కణజాలాన్ని సడలించాయి. దీనికి ఎదురుగా పనిచేసేది బీకే అనే పెద్ద పొటాషియం ఛానెల్. అది కూడా కాల్షియంతోనే తెరుచుకుంటుంది, కానీ పొర వోల్టేజీని కిందికి లాగి కాల్షియం ప్రవేశాన్ని తగ్గిస్తుంది. ఒకే కాల్షియం ఒక ఛానెల్ ద్వారా తన రాకను పెంచుకుంటూ, మరో ఛానెల్ ద్వారా దాన్ని తగ్గించుకుంటోంది. మామూలు పరిస్థితుల్లో శ్వాసనాళ కండరం విద్యుత్ ప్రేరణలు పుట్టించకుండా నిలకడగా ఉండడానికి పొటాషియం ఛానెళ్ల బలమే కారణం. టెట్రాఇథైల్ అమోనియంతో వాటిని మూసేస్తే అదే కండరం విద్యుత్ ప్రేరణలు పుట్టించగలుగుతుంది.

అయితే కాల్షియం ఛానెల్ మందులు ఎందుకు నిరాశపరిచాయి

మొదలుపెట్టిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు దగ్గరైంది. పొర వోల్టేజీ ద్వారా వచ్చే బిగుతు ఒక దారి. గ్రాహకం, ఐపీ3, లోపలి నిల్వల ద్వారా వచ్చే బిగుతు మరో దారి. ఈ రెండో దారికి వోల్టేజీ మార్పు తప్పనిసరి కాదని 1968లో ఆండ్రూ సోమ్ల్యో, ఆవ్రిల్ సోమ్ల్యో రక్తనాళాల కండరంపై పరిశోధనలో వాదించారు. శ్వాసనాళ కండరపు ముక్కను పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణంలో ముంచితే వోల్టేజీ మారి అది బిగుస్తుంది, నిఫెడిపిన్ ఆ బిగుతును తొలగిస్తుంది. అదే ముక్కను ఎసిటైల్‌కోలిన్‌తో బిగిస్తే నిఫెడిపిన్ ప్రభావం తక్కువ. ఉబ్బసంలో బిగుతుకు కారణమయ్యే రసాయనాలు ఎక్కువగా రెండో దారివే.

అంటే బయటి కాల్షియానికి పనే లేదా? కాల్షియం లేని ద్రావణంలో ఎసిటైల్‌కోలిన్ ఇస్తే కండరం మొదట బిగుస్తుంది, తరువాత ఆ బిగుతు క్షీణిస్తుంది. నిల్వ ఖాళీ అవుతుంది, తిరిగి నింపడానికి బయటి సరుకు దొరకదు. నిల్వ తగ్గినప్పుడు పొరలో ప్రత్యేక ద్వారాలు తెరుచుకుంటాయని జేమ్స్ పట్నీ 1986లో ప్రతిపాదించాడు. నిల్వ మట్టాన్ని పసిగట్టే స్టిమ్1 ప్రోటీన్ పాత్ర 2005లో, ద్వారంగా పనిచేసే ఒరాయ్1 పాత్ర 2006లో వెలుగులోకి వచ్చాయి. ఈ ద్వారాలు వోల్టేజీని బట్టి తెరుచుకునేవి కావు, నిఫెడిపిన్ వీటిని మూయదు.

ఇక్కడ పరిశోధకుల్లో అభిప్రాయభేదం ఉంది. ఎల్-రకం ఛానెళ్ల పాత్ర నామమాత్రమేనని కొందరు అంటారు. నిల్వలను నింపడంలోనూ, వోల్టేజీ మార్పుతో అలలు లేపడంలోనూ వాటికి కొంత వాటా ఉందని మరికొందరు చూపుతారు. జంతువు మారితే, పెద్ద నాళానికి బదులు చిన్న నాళాన్ని తీసుకుంటే ఫలితం మారుతోంది. నా అంచనాలో రెండో అభిప్రాయానికి ఆధారం చాలినంత ఉంది. అయినా ఆ వాటా ఒక్కదాన్నే మూసి ఉబ్బసపు బిగుతును విప్పలేమన్నది రోగులపై పరీక్షల్లోనే తేలిపోయింది.

అదే కాల్షియం, మరింత బిగుతు

కైనేజ్, ఫాస్ఫటేజ్‌ల పోటీకి ఇప్పుడు తిరిగి రావచ్చు. సులువు కోసం, ఫాస్ఫేట్ ముద్ర వేసే వేగాన్ని 1 అనీ, తుడిచే వేగాన్ని 3 అనీ అనుకుందాం. స్థిరస్థితిలో ముద్ర పడి ఉన్న మయోసిన్ భాగం 1ని 4తో భాగించగా వచ్చేది, అంటే 25 శాతం. ఇప్పుడు కాల్షియాన్ని ఏమాత్రం మార్చకుండా తుడిచే వేగాన్ని మాత్రమే 3 నుంచి 1కి తగ్గిద్దాం. ముద్ర పడిన భాగం సగానికి, 50 శాతానికి పెరిగింది. కాల్షియం కొలిచే పరికరం ఏ మార్పూ చూపదు, కండరం మాత్రం మరింత బిగుస్తుంది.

కణంలో ఇది నిజంగా జరుగుతుంది. ఎసిటైల్‌కోలిన్ వంటి సంకేతాలు రో అనే చిన్న ప్రోటీన్‌ను, దాని ద్వారా రో-కైనేజ్‌ను చురుకు చేస్తాయి. అది ఫాస్ఫటేజ్ భాగానికే ఫాస్ఫేట్ అతికించి దాన్ని మందగింపజేస్తుంది. ఇంతకుముందు పొరలో ఉండిపోయిందని చెప్పుకున్న డైఅసైల్‌గ్లిసరాల్ ప్రోటీన్ కైనేజ్-సీని మేల్కొలిపి, సీపీఐ-17 అనే ప్రోటీన్ ద్వారా ఫాస్ఫటేజ్‌ను అడ్డుకుంటుంది. ఈ స్థితిని కాల్షియం పట్ల సున్నితత్వం పెరగడం అంటారు. రో-కైనేజ్‌ను ఆపే పదార్థాలు ప్రయోగశాలలో శ్వాసనాళాలను బాగా సడలిస్తాయి, కానీ అదే ఎంజైమ్ రక్తనాళాల్లోనూ పనిచేస్తుంది కాబట్టి రక్తపోటు పడిపోయే ప్రమాదం వెంటనే ఎదురవుతుంది. కాల్షియం ఛానెల్ మందుల వైఫల్యంలో సగం వివరణ ఈ సున్నితత్వంలోనే ఉందని నేను భావిస్తాను. కాల్షియం రాకను కొంత తగ్గించినా, ఉన్న కాల్షియానికే కండరం గట్టిగా స్పందిస్తున్నప్పుడు దక్కే మేలు తక్కువ.

సడలింపు ఏ ఛానెల్ పుణ్యం

మనిషి శ్వాసనాళ కండరానికి సానుభూత (సింపథెటిక్) నాడుల సరఫరా చాలా తక్కువ, అయినా కణాల మీద బీటా-2 గ్రాహకాలు పుష్కలంగా ఉన్నాయి. రక్తంలో తిరిగే అడ్రినలిన్ వాటిని తాకుతుంది. 1969లో వాడకంలోకి వచ్చిన ఉబ్బసం మందు సాల్బ్యుటమాల్ కూడా వాటినే తాకుతుంది. గ్రాహకం జీఎస్ ప్రోటీన్ ద్వారా సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తయారీని పెంచుతుంది. సైక్లిక్ ఏఎంపీని కనుగొన్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. సైక్లిక్ ఏఎంపీ ముఖ్యంగా ప్రోటీన్ కైనేజ్-ఏ ద్వారా పనిచేస్తుంది. ఎం2 గ్రాహకాలు చేసేది దీనికి సరిగ్గా ఎదురు, అవి సైక్లిక్ ఏఎంపీ తయారీని తగ్గిస్తాయి. ఎం2 సంఖ్య ఎక్కువైనా బిగుతును నేరుగా పుట్టించకపోవడం వింతగా అనిపిస్తుంది గానీ, సడలింపును వెనక్కి లాగడం ద్వారా అవి తమ పని చేస్తున్నాయి.

సైక్లిక్ ఏఎంపీ పెరిగిన తరువాత ఏం జరుగుతుందన్నది దశాబ్దాల వాదం. ప్రోటీన్ కైనేజ్-ఏ బీకే ఛానెళ్లను తెరిపిస్తుందని 1989లో శ్వాసనాళ కణాలపై ప్రయోగం చూపింది. తేలు విషం నుంచి తీసిన చారిబ్డోటాక్సిన్‌తో ఆ ఛానెళ్లను మూస్తే బీటా-2 మందుల సడలింపు బలహీనపడింది. అందువల్ల సడలింపుకు బీకే ఛానెలే మూలమన్న వాదం బలపడింది. అయితే ఎల్-రకం కాల్షియం ఛానెళ్లను ముందే మూసి ఇదే ప్రయోగం చేసినప్పుడు ఆ విషం ప్రభావం చాలావరకు కనిపించలేదు. దీనికి రెండో పక్షం చెప్పే అర్థం ఇది: బీకేను మూయడం వల్ల కణంలోకి అదనపు కాల్షియం వచ్చి కొత్త బిగుతు చేరింది, సడలింపు యంత్రాంగం మాత్రం చెక్కుచెదరలేదు. ఊపిరితిత్తి ముక్కలపై పరిశీలనలు ఈ పక్షానికే మొగ్గుతాయి. అక్కడ బీటా-2 మందులు కాల్షియం అలల వేగాన్ని తగ్గించాయి, కాల్షియం పట్ల కండరం సున్నితత్వాన్ని కూడా తగ్గించాయి. పై లెక్కలో చెప్పాలంటే ముద్ర వేసే వేగమూ తగ్గింది, తుడిచే వేగమూ పెరిగింది. రెండు వైపులా ఒకేసారి పనిచేయడమే ఈ మందుల బలమని నాకు అనిపిస్తుంది.

కాల్షియం పెరిగినా సడలిన కండరం

కాల్షియం పెరిగిందంటే బిగుతేనన్న నమ్మకాన్ని 2010లో వచ్చిన ఒక ఫలితం కుదిపింది. నాలుక మీద చేదును గుర్తించే గ్రాహకాలు శ్వాసనాళ కండరం మీదా ఉన్నాయని, మలేరియా మందు క్లోరోక్విన్ వంటి చేదు పదార్థాలు వాటిని తాకినప్పుడు కణంలో కాల్షియం పెరుగుతుందని, అయినా కండరం సడలుతుందని ఆ పరిశోధన తెలిపింది. కణపొర దగ్గర ఒక చిన్న ప్రాంతంలో మాత్రమే కాల్షియం పెరిగి, అక్కడి బీకే ఛానెళ్లను తెరిపిస్తుందని పరిశోధకులు వివరించారు. తరువాత ఇతర బృందాలు బీకేను మూసినా సడలింపు ఆగలేదని చూపి, చేదు పదార్థాలు ఎల్-రకం ఛానెళ్లను అణచివేయడమే కారణమని వాదించాయి. ఇంకొందరు అవి ఐపీ3 ద్వారా వచ్చే కాల్షియం అలలను ఆపుతాయన్నారు. ఈ వివరణల్లో ఏదీ అందరి ఆమోదం పొందలేదు. యంత్రాంగం ఏదైనా, కణం మొత్తం మీద కాల్షియం ఎంత ఉందని కొలిచి బిగుతును ఊహించలేమన్న సంగతిని మాత్రం ఈ ఫలితం గట్టిగా నిలబెట్టింది.

ఉబ్బసంలో తప్పు కండరానిదా, పరిసరాలదా

ఉబ్బసం ఉన్నవారిలో కండరం పరిమాణం పెరగడం చాలాకాలంగా తెలిసిందే. దాని కణాలే వేరుగా పనిచేస్తున్నాయా అన్నదానిపై రెండు వాదాలున్నాయి. కణాల్లో కాల్షియాన్ని తిరిగి నిల్వలోకి తోడే పంపు బలహీనపడిందని, అలలు మారాయని కొన్ని పరిశోధనలు చెబుతాయి. కండరం మామూలుదే, దానికి అందే సంకేతాలు మారాయని ఇతరులు అంటారు. రెండో వాదానికి మంచి ఉదాహరణ వేగస్ నాడి చివరల్లో ఉంది. అక్కడి ఎం2 గ్రాహకాలు విడుదలైన ఎసిటైల్‌కోలిన్‌ను గమనించి ఇక చాలని నాడికి చెబుతాయి. ఎలర్జీలో చేరే ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు వదిలే ఒక ప్రోటీన్ ఈ గ్రాహకాలను పనిచేయనివ్వదు. నాడి అడ్డూ అదుపూ లేకుండా ఎసిటైల్‌కోలిన్‌ను వదులుతుంది, ఏ లోపమూ లేని కండరం కూడా ఎక్కువగా బిగుస్తుంది.

దీర్ఘశ్వాస ఈ వాదాన్ని మరింత సంక్లిష్టం చేస్తుంది. ఆరోగ్యవంతుల్లో మందుతో నాళాలను కాస్త బిగించి లోతుగా ఊపిరి పీల్చమంటే నాళాలు తిరిగి తెరుచుకుంటాయి, ఎందుకంటే సాగదీత మయోసిన్, ఆక్టిన్‌ల పట్టును తెంపుతుంది. ఉబ్బసం ఉన్నవారిలో ఈ మేలు తక్కువగా ఉంటుంది, కొందరిలో అసలు కనిపించదు. గోడ గట్టిపడి సాగదీత కండరం దాకా చేరడం లేదా, చేరినా కండరం చాలా వేగంగా మళ్లీ పట్టు బిగిస్తోందా అన్నది ఛానెళ్లను, గ్రాహకాలను మాత్రమే చూస్తే తేలదు. సాగుతూ ముడుచుకుంటూ ఉన్న నాళంలో ఫాస్ఫేట్ ముద్రలు పడి, చెరిగే వేగాలను కొలవవలసి ఉంటుంది.